నక్క మేస్త్రీ వేసిన కప్పు

ఎర్రమట్టి గుట్ట వాలులో కుందేలు కొత్త బొరియలో కాపురం పెట్టి పదిహేను రోజులైంది. కట్టింది నక్క మేస్త్రీ. కప్పుకు బండరాయి వేస్తానని ఒప్పుకుని, లోపలంతా నున్నగా మట్టి మెత్తి వెళ్లింది.

తొలి జల్లుకు కప్పులో పగులు కనిపించింది. మర్నాటికి అందులో కుందేలు గోరు దూరింది. ఆ మర్నాటికి పంజా దూరింది. దాని నాలుగు పిల్లలూ ఇంకా నడవలేవు. మట్టి రాలినప్పుడల్లా తల్లి వాటి మీద వంగి ఊపిరి బిగబట్టేది.

"మేస్త్రీ, కప్పు కూలేట్టుంది."

నక్క నవ్వింది. "కొత్త ఇల్లు కదమ్మా, కాస్త ఒళ్లు విరుచుకుంటుంది. అయినా గృహప్రవేశం నాడు పని బాగుందని తడిమట్టిలో పంజా ముద్ర వేశావుగా! ఇంకెవరికి చెప్పుకుంటావు?"

కుందేలు వాగు దగ్గరున్న తాబేలు దగ్గరికి పరుగెత్తింది.

"తాతా, ముద్ర వేశాక నాకు హక్కు లేనట్టేనా?"

"ముద్ర కంటికి కనబడ్డదానికే తల్లీ. మట్టి వెనక దాచినదానికి కాదు. ఆ పగులు మాత్రం పూడ్చకు, నీ సాక్ష్యం నువ్వే పూడ్చుకున్నట్టవుతుంది. రోజూ పుల్లతో కొలువు. బొరియల సంగతి తెలిసిన ఏదుపందికి చూపించు. నలుగురి ముందు నక్కకు వారం గడువివ్వు. బాగుచేయకపోతే ఏనుగు పెద్ద దగ్గర ఫిర్యాదు పెట్టు."

"ఈలోగా కూలితే?"

తాబేలు తల లోపలికి లాక్కుంది. డొప్పలోంచే అంది: "పిల్లల్ని గుమ్మం దగ్గర పడుకోబెట్టు."

కుందేలు అలాగే చేసింది. వారం గడిచింది. నక్క తొంగి చూడలేదు. ఎనిమిదో రోజు నల్లమబ్బు కింద ఏనుగు తీర్పుకు వచ్చింది.

"పిల్లలు గెంతి పగలగొట్టాయి మారాజా," అంది నక్క.

"నడవలేనివి గెంతాయా?" అంది ఏదుపంది.

"అయితే తల్లి గెంతి ఉంటుంది."

ఏనుగు చెవులాడించింది. "లోపల నేను పట్టను. మన అడవి ఆనవాయితీ ఉందిగా. కట్టినవాడు కప్పు కింద నిలబడతాడు, నేను పైన ఒక్క కాలు మోపుతాను. బండ వేశావా మేస్త్రీ?"

"రెండు ఏనుగులు ఎక్కినా కదలదు!"

"మరి పద లోపలికి."

కుందేలు పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని బయటికి తెచ్చింది. నలుగురూ చూస్తున్నారు. నక్క తోక ముడుచుకుని లోపలికెళ్లింది. ఏనుగు కాలు ఎత్తింది. దాని నీడ గుమ్మం మీద పడింది. నక్క ముక్కు మీద మట్టి రాలింది.

"ఆగండి మారాజా! కాలు దించొద్దు! పైన బండ లేదు, వెదురు తడికే వేశాను!"

అరుస్తూ నక్క బయటికి దూకింది. వెనకాలే కప్పు మొత్తం కూలింది. ఏనుగు కాలు ఇంకా గాల్లోనే ఉంది.

"పైన పటారం, లోన లొటారం," అంది ఏదుపంది.

కుందేలు పిల్లల్ని లెక్కపెట్టుకుంది. నాలుగు. మళ్లీ లెక్కపెట్టుకుంది.

ఏనుగు తీర్పు చెప్పింది: "నా కళ్లముందే బండ వేసి కొత్తగా కట్టు. కట్టేదాకా కుందేలు నీ గుహలో ఉంటుంది. ఏదుపంది కాపలా."

"మరి నేనెక్కడ ఉండాలి మారాజా?"

 వాన మొదలైంది.

నీతి: భయపడి పగులు పూడ్చుకునేకంటే, భయపడుతూనే నలుగురిలో నిలదీయడం మేలు.