చెలమలమ్మ తల్లికి పుట్టింటి పేరు చెప్పే ఆచారం

చిట్లేరు దాటి గుడికి వచ్చే భక్తులకు ముందుగా కనిపించేది ఇసుకే. గోపురం లేదు, మండపం లేదు. ఏటి గట్టున నాలుగు రాతి స్తంభాల మీద రేకుల కప్పు, దాని కింద మూతి విరిగిన ఒక రాతికుండ. ఆ కుండే మన చెలమలమ్మ తల్లి. కళ్ళూ ముక్కూ ఏవీ లేవు గానీ, పసుపు పూసి బొట్టు పెట్టాక చూస్తే మన వైపే చూస్తున్నట్టు ఉంటుంది.

కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు అర్చన దగ్గర తడబడతారు. పూజారి వాళ్ళను, "పుట్టింటి పేరు చెప్పమ్మా" అని అడుగుతాడు. అలవాటు కొద్దీ అత్తగారింటి పేరు చెబితే పూలు చేతిలోనే ఆపి మళ్ళీ అడుగుతాడు. అది ఎందుకో తెలియాలని ఈ నాలుగు మాటలు రాయడమైనది.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. గొర్రెలు తోలుకుని తిరిగే మందలవారు ఏటి గట్టున గుడిసెలు వేసుకుని ఉండేవారు. వారిలో ఒక ఇంటికి కోడలుగా వచ్చినది ఎర్రక్క. ఆమె పుట్టింటివారు చెలమలవారు. ఎండిన ఏట్లో ఇసుక తోడి నీటిగుంట తీయడాన్నే చెలమ తీయడం అంటారు. అది వారికి చేతి విద్య. అరచెయ్యి ఇసుక మీద ఆనించి, చల్లదనం ఎటు ఉందో చూసి అక్కడ తవ్వుతారు. ఆ పని వల్లే వారికి ఆ ఇంటిపేరు వచ్చింది.

ఎర్రక్క కాపురానికి వచ్చిన మూడో ఏట వానలు లేవు. మందలవారు ఏడు చోట్ల తవ్వినా తడి తగలలేదు. గొర్రెపిల్లలు తల్లుల పొదుగులు కుమ్మి కుమ్మి పడిపోతున్నాయి. "నేను తీస్తాను మామా, మా చెలమలవారికి..." అని ఎర్రక్క అనబోతే మామ ఒప్పుకోలేదు.

"ఆ పేరు మీ వాకిట్లోనే వదిలేసి వచ్చావమ్మే. ఇక్కడ నువ్వు మందలవారి కోడలివి. కొడుకులు తవ్వితే ఇసుకా, కోడలు తవ్వితే నీళ్ళా అని పదిమందీ నవ్వరా?"

ఆ మధ్యాహ్నం ఎర్రక్క గొర్రెల దొడ్డి నీడలో కునుకు తీసింది. కలలో ఒక ముసలమ్మ మూతి విరిగిన కుండ చంకన పెట్టుకుని వచ్చింది.

"దప్పికగా ఉంది, ఎవరింటి పిల్లవే నువ్వు?"

"మందలవారి కోడలినమ్మా."

ముసలమ్మ మొహం తిప్పుకుంది. "ఎవరి కోడలివని నేనడిగానా? ఎవరింటి పిల్లవి?"

"చెలమలవారి పిల్లని."

"అట్టా చెప్పు. నా మీద ఇసుక పడి ఎన్నాళ్ళయిందో. వచ్చి తియ్యి."

ఎర్రక్క లేచి, ఎవరికీ చెప్పకుండా ఏట్లోకి పోయి అరచెయ్యి ఆనించింది. మోచేతి లోతున వేళ్ళకు రాయి తగిలింది. ఇసుక తోడితే అది కలలో చూసిన కుండే. కుండ కదలగానే కింద నుంచి నీరు ఊరింది. ముందు గొర్రెలు వాసన పట్టి పరుగెత్తుకొచ్చాయి, వాటి వెనకాల మామ. ఆయన కడుపునిండా తాగి, మూతి తుడుచుకుని, "ఈ పని వచ్చని ముందే చెప్పొచ్చుగా" అన్నాడట. "చెప్పనిచ్చావా మామా" అన్నదట ఎర్రక్క.

ఆ కుండను గట్టున నిలిపి పూజించారు. అప్పటినుంచి ఉగాది వెళ్ళిన మొదటి మంగళవారం చెలమల ఇంట పుట్టిన ఆడది చెలమ తీయడం, ఆ తొలినీరు అమ్మ మీద పోయడం ఆచారమైంది. రానురాను పెళ్ళికాని పిల్లలతోనే తీయించడం అలవాటై, ఎర్రక్క కోడలై ఉండి తవ్వినదన్న సంగతి అందరూ మరిచిపోయారు.

ఎన్నో తరాలకు చెలమలవారిలో మగపిల్లలు నిలవలేదు. పేరు అంతరించిందని ఊరు అనుకుంది. మా పెద్దల కాలంలో వేరే ఇంటి పిల్లచేత తవ్విస్తే నడుము లోతుకు పోయినా నీరు పడలేదు. మరుసటి ఏడూ అంతే. రెండేళ్ళు అమ్మ పొడిగానే ఉంది. మూడో ఏడు కూడా నీరు రాకపోతే కుండను ఏట్లో కలిపి గుడి ఎత్తేద్దామని పెద్దలు అనుకున్నారు.

ఆ ఏడు అర్చన వరుసలో గోగుల మాలకొండయ్య భార్య గాలెమ్మ నిలబడింది. యాభై దాటిన మనిషి. నలుగురిలో నోరెత్తి ఎరగదు. పూజారి తిరుపాలు ఉన్నట్టుండి "ఇంటిపేరు?" అని గట్టిగా అడిగేసరికి బెదిరిపోయి, "చెలమల" అనేసింది. వరుసంతా గొల్లుమంది. మాలకొండయ్య తల కొట్టుకున్నాడు.

"ఏందే, మనవళ్ళు పుట్టినా మా ఇంటిపేరు నీ నోటికి రాలేదా?"

"తప్పైపోయింది. తిరణాల్లో తప్పిపోతే చెప్పమని చిన్నప్పుడు మా అమ్మ నేర్పిన పేరు. బెదిరితే అదే వస్తది" అని గాలెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరుపాలు పూలపళ్ళెం కింద పెట్టాడు. "నవ్వేది ఆపండయ్యా. మరి ఎర్రక్క మాత్రం ఎవరి కోడలు?"

గాలెమ్మ చేత తవ్వించారు. మోచేతి లోతుకే నీరు ఊరింది. ఆ రోజు నుంచే ఇక్కడ ఆడవాళ్ళను పుట్టింటి పేరు అడుగుతున్నారు.

ముప్పై ఏళ్ళు గాలెమ్మే తీసింది. ఆమెతో ఆ పేరు ఆఖరు. చేతులు వణకడం మొదలైనాక, "నీ తర్వాత ఎవరవ్వా?" అంటే, "అమ్మకే ఎరుక" అనేది.

ఒక ఏడు ఉగాది వెళ్ళిన ఆ మంగళవారం కరుణ అనే కొత్త పెళ్ళికూతురు వచ్చింది. అనాథాశ్రమంలో పెరిగిన పిల్ల. పేరు అడిగితే తల వంచుకుని, "నాకు పుట్టిల్లు లేదండీ" అని మొగుడి చెయ్యి వదిలి వరుసలోంచి పక్కకు తప్పుకుంది. ఇసుకలో కూర్చున్న గాలెమ్మ అది చూసింది.

"ఏమ్మాయ్, ఇట్రా. నీకు పేరు లేదు. నా పేరుకు పిల్ల లేదు. చెయ్యి ఇక్కడ పెట్టు. చల్లగా ఉందా?"

కరుణ అరచెయ్యి ఆనించి, అటూ ఇటూ జరిపి చూసింది. "ఇక్కడ లేదవ్వా. ఎడం పక్కన ఉంది."

"అయితే మా పిల్లవే."

కరుణ తవ్వింది. నీరు పడింది. పూజారి "చెలమల కరుణ" అని పేరు చదివితే ఆ పిల్లకు ఏడుపు ఆగలేదు. "ఏడ్చేది తర్వాత, ముందు బిందె పట్టు" అన్నది గాలెమ్మ.

గాలెమ్మ ఇప్పుడు లేదు. ఏటేటా చెలమ తీసేది కరుణమ్మే. పుట్టింటి పేరు తెలియనివారు, చెప్పుకోవడానికి ఎవరూ లేనివారు ఇక్కడ చెలమల అనే చెబుతారు. అంతరించిందన్న పేరు ఇప్పుడు ఊళ్ళో పెద్ద ఇల్లయింది.

తొలినీరు తీర్థంగా ఇస్తారు. ఇంటికి తీసుకుపోయి నీళ్ళ బిందెలో కలుపుకుంటే వేసవి చల్లగా గడుస్తుందని నమ్మకం. దర్శనానికి వచ్చిన అక్కచెల్లెళ్ళు పేరు చెప్పడానికి సిగ్గుపడవద్దు. గొంతు పైకి రాకపోతే మెల్లగా చెప్పినా చాలు. అమ్మకు వినపడుతుంది.