జంబులింగం పంపిన సున్నా

చలికాలం రాగానే గూడబాతులు సముద్రాలు దాటి చింతమెట్ట అడవిలో వాలేవి. గుడ్లు పెట్టుకోడానికైతే మనకెందుకు గానీ, ముక్కు కింది సంచుల్లో ఏడాదికి సరిపడా మందు గింజలు తెచ్చేవి. అదీ ఉచితంగా. అడవిలో సగం జంతువులకి రక్తంలో ఓ మొండి జబ్బు. రోజుకో గింజ మింగితే పిల్లాపాపలతో హాయిగా బతకొచ్చు. మానేస్తే చాప చుట్టేయడమే.

మేక గవరమ్మ మూడేళ్లుగా గింజ మింగుతోంది. ఇప్పుడు కడుపుతో ఉంది. ఆ పొద్దున గింజ కోసం, అవి దాచే గుహ దగ్గరికి వెళ్తే, పంపకాలు చూసే నక్క జంబులింగం మెడలో దండేసుకుని కూర్చుంది.

"ఏంటి బావా ఈ వేషం?"

"పెద్ద గూడబాతు వస్తోందే. జబ్బు పోగొట్టిన మొదటి అడవికి వాళ్ల దేశంలో సన్మానమట. మనకి రోగులు సున్నా అని కబురంపాను."

"మరి నేనో?"

"నీకు కడుపుబ్బరం అని చెప్పు. మిగతావాళ్లని పొదల్లో కూర్చోమన్నాను."

"రేపట్నుంచి గింజలు?"

"జబ్బే లేనప్పుడు గింజలెందుకే, పిచ్చిమొహమా."

గవరమ్మకి ఒళ్లు మండింది. కడుపులో బిడ్డ గుర్తొచ్చి భయమూ వేసింది. గోల చేస్తే దండ ఉన్నవాళ్ల మాటే నెగ్గుతుంది. అప్పుడు ఓ సంగతి తట్టింది. రోజూ పొద్దున్నే నక్క ఓ గింజ నోట్లో వేసుకోవడం తను చూసింది. అడిగితే, మేనత్తకి తీసుకెళ్తున్నానని చెప్పేది. ఆ మేనత్త పోయి రెండేళ్లయింది.

పెద్ద గూడబాతు దిగింది. నక్క ఉపన్యాసం దంచింది.

"నిజమేనా అమ్మా?" అని గూడబాతు గవరమ్మని అడిగింది.

"నిజమే దొరా. ఒక్క రోగీ లేడు. గుహలో మిగిలిన గింజలు పురుగు పట్టిపోతాయి, పట్టుకుపొండి." అంది గవరమ్మ. అందులో తన గింజలూ ఉన్నాయి మరి.

గూడబాతు సంచి తెరిచింది. కోతులు గుహలోంచి గింజలు తెచ్చి పోయసాగాయి. నక్క ముఖంలో నవ్వు మాయమైంది.

"దొరా, ఓ గుప్పెడు ఉంచండి."

"ఎవరికి?"

"మా మేనత్తకి."

"మేనత్త పోయింది కదా బావా," అంది గవరమ్మ. "దినాలకి నేనూ వచ్చాను. విస్తళ్లు కూడా తిన్నాను."

ఆఖరి గింజలు సంచిలోకి జారుతుంటే నక్క దండతో సహా గూడబాతు కాళ్ల మీద పడింది.

"నాకే దొరా. నాలుగేళ్లుగా నాకే."

ఆ మాట వినగానే పొదలు కదిలాయి. ఎలుగు, దుప్పి, కుందేళ్లు ఒక్కొక్కటే బయటికొచ్చి నిలబడ్డాయి. గూడబాతు వాటిని చూసింది, నక్కని చూసింది, సంచి మొత్తం నేల మీద కుమ్మరించింది. సన్మానం ఎగిరిపోయింది. పంపకం గవరమ్మ చేతికొచ్చింది.

మర్నాడు వరసలో చిట్టచివర, దండ లేకుండా జంబులింగం. గవరమ్మ దాని నాలిక మీద గింజ పెట్టింది.

"ఇక్కడే మింగెయ్ బావా. మేనత్త ఏమీ అనుకోదులే."

అందుకే, జబ్బు పోయిందని చాటేవాడు ముందు తన నోట్లో గింజ ఉందేమో చూసుకోవాలి.