కనబడని పాతరలు

రాజుగారు కోట చూడ్డానికొస్తున్నారంటే, నేలలోని ధాన్యపు పాతరల మీది గుర్తురాళ్లు వికారంగా ఉన్నాయని దివాను వాటిని పీకించి చదును చేయించాడు. మరుసటేడు కరువొచ్చింది. ఎంత తవ్వినా మూడు పాతరలు కనబడలేదు. రాళ్ల సంగతే మరచిన దివాను, కావలి నూకయ్యే దొంగంటూ అతన్ని దేశం నుంచి వెళ్లగొట్టాడు.

నూకయ్య భార్య గవరమ్మ కోటకొచ్చి నేలమీదికి వంగి చూసింది. "పోయినవి పాతరలు కావు దొరా, గుర్తులు. గింజలు మోస్తున్న ఈ చీమల బారు ఎక్కడ పుడుతోందో అక్కడ తవ్వించండి."

మూడూ దొరికాయి, వేసిన మూతలు వేసినట్టే.

దివానుకి అప్పుడు రాళ్లు గుర్తొచ్చాయి. తల దించుకుని, "ఏం కావాలో కోరుకో తల్లీ," అన్నాడు.

"ధాన్యానికి చీమలు దారి చూపాయి. మా ఆయన ఎటు పోయాడో ఎవర్ని అడగమంటారు?"