మూసిన గది ఊపిరి

విరూపాక్ష శాస్త్రిగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఏదైనా అడిగితే అడిగిన చోట జవాబు చెప్పేవారు కాదు. "పద, చూద్దాం" అని ఉత్తరీయం భుజాన వేసుకుని బయల్దేరేవారు.

ఆ రోజు కామేశ్వర్రావు అడిగింది వేదాంతం కాదు. ఇల్లంతటికీ గాలి శుభ్రం చేసే మిషను గురించి. గురువుని అడగవలసిన సంగతేనా ఇది అని మీరు నవ్వుకోవచ్చు. పాపం, షాపువాళ్ళనీ, డాక్టర్లనీ, ఇరుగుపొరుగునీ అడగడం అయిపోయాకే వచ్చాడు. గురువుల దగ్గరికి చాలామంది వచ్చేది అలాగే.

"మా పిల్లకి ఎనిమిదేళ్ళండీ. పడుకుంటే చాలు, పిల్లికూతలు. దుమ్ము పడదన్నారు. మిషను పెట్టించి నెలైంది, ఆయాసం తగ్గకపోగా ఎక్కువైంది. ఈసారి వస్తే ఆస్పత్రిలో చేర్చాల్సిందేనన్నాడు డాక్టరు. ఇది తీసేసి ఇంకా పెద్దది పెట్టించమంటారా గురువుగారూ?"

"పద, చూద్దాం."

కామేశ్వర్రావు ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. పిల్లని తీసుకురావడానికి భార్య బడికి వెళ్ళింది. కామేశ్వర్రావు మిషను వేశాడు. హాలు కప్పులో ఉన్న జాలీ ఇంట్లో గాలిని లోపలికి లాక్కుని, శుభ్రం చేసి, గొట్టాల గుండా గదుల్లోకి వదులుతుంది. శాస్త్రిగారు కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి, "పిల్ల లోపల పడుకుందా?" అని అడిగారు.

"లేదండీ, ఇంకా బడినించి రాలేదు."

"మరి ఆ పిల్లికూతలు ఎవరివి?"

అప్పుడు విన్నాడు కామేశ్వర్రావు. నిజానికి నెలరోజులుగా వింటూనే ఉన్నాడు, మిషను చప్పుడేలే అనుకున్నాడు. నడవా చివర, బీరువా వెనకనించి సన్నగా, సాగదీసినట్టు ఒక ఈల. కాస్త ఆగి మళ్ళీ ఈల.

బీరువా వెనక తూర్పు గది తలుపు ఉంది. అతని తల్లి సీతారత్నమ్మ ఆయాసంతో తీసుకుని తీసుకుని పోయింది ఆ గదిలోనే. ధనిష్ఠా పంచకంలో పోయింది కాబట్టి ఆర్నెల్లు గది మూసెయ్యమన్నాడు పురోహితుడు. మూసి మూడేళ్ళయింది. భార్యకు భయం, అందుకే తెరవలేదని అందరికీ చెప్పేవాడు. చెప్పనిది ఒకటుంది. ఆఖరి రోజున తల్లి పడే బాధ వినలేక, ఆ తలుపు దగ్గరగా వేసి, హాల్లో టీవీ సౌండు పెంచుకుని కూర్చున్నాడు. ఆవిడ ఎప్పుడు పోయిందో అతనికి తెలియదు.

"మిషను ఆపు" అన్నారు శాస్త్రిగారు.

ఆపాడు. హోరు ఆగింది. తలుపు మాత్రం ఇంకో రెండుసార్లు ఊపిరి లాగి, అప్పుడు ఊరుకుంది.

ఇద్దరూ కలిసి బీరువా జరిపారు. తలుపు కింద సందులోంచి సన్నటి దుమ్ము చారలా హాలు వైపు సాగి ఉంది. మిషను ఇంట్లో గాలితోపాటు ఈ గది గాలినీ లాగి, శుభ్రం చెయ్యలేక, పిల్ల మంచం మీద వదులుతోంది. తాళం మొరాయించి మొరాయించి తిరిగింది. లోపల బూరుగుదూది పరుపుని ఎలుకలు చీల్చేశాయి. గోడలు బూజు పట్టి నల్లబడ్డాయి. పరుపు మధ్యలో మాత్రం మనిషంత పల్లం, ఇప్పుడే ఎవరో లేచినట్టు. ఆవిడ రాసుకునే కర్పూర తైలం వాసన ఇంకా పోలేదు. తలుపు తెరుచుకోగానే దూది రేగి, మెల్లగా అతని వైపే వచ్చింది.

కామేశ్వర్రావు గడప దగ్గరే ఆగిపోయాడు. "గురువుగారూ, లోపల ఎవరైనా ఉన్నారంటారా?"

"పిల్ల వచ్చేలోపు కిటికీ తెరువు."

ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని గడప దాటాడు. "అమ్మా, నేనే" అన్నాడు. మంచం పక్కనించి వెళ్ళి, బిగుసుకుపోయిన కిటికీ రెక్కని రెండు చేతులతో తోశాడు. బయటిగాలి ఒక్కసారిగా వచ్చింది. దూదీ దుమ్మూ సుడి తిరిగి, అతన్ని దాటుకుంటూ ఎండలోకి వెళ్ళిపోయాయి. గది నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో, చాలా దగ్గరగా, మళ్ళీ అదే శబ్దం. సాగదీసి, ఆగి, మళ్ళీ.

కామేశ్వర్రావు వెనక్కి తిరిగాడు. "గురువుగారూ, ఇంకా వినిపిస్తోందండీ..."

శాస్త్రిగారు గడప అవతలే నిలబడి ఉన్నారు.

"అది నీ ఊపిరే నాయనా. ఆపకు."