ఎవరూ కూర్చోని పీటలు

అనగనగా, అదుగో ఆ కొండల వెనక, మబ్బు నీడల్లో ఒక ఊరుండేదిట. ఎంత కలిగిన ఊరంటే, వరికంకులు బరువుకి వంగి నేలమీదే కునుకు తీసేవిట. పొద్దున్నే ఏటి నీళ్ళు పసుపు కలిపినట్టు మెరిసేవిట.

ఆ ఏటి ఒడ్డున పెద్ద భోజనశాల ఉండేది. ఊళ్ళో పండిందంతా అక్కడికే చేరేది. మధ్యాహ్నం గంట కొట్టేవాళ్ళు. అప్పుడు అన్నం ఆవిరి కిటికీల్లోంచి తెల్లగా బయటికొచ్చి, ఊరంతా తిరిగి, మెల్లగా ఏటి మీద పడుకునేది.

కానీ అందరూ లోపలికి వెళ్ళడానికి లేదు తల్లీ. పీట ఉన్నవాళ్ళకే అన్నం. ఆ పీట తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి పిల్లలకి వచ్చేది. మొట్టమొదట ఎవరు ఎవరికిచ్చారో ఎవరికీ గుర్తులేదు. పీట లేని ఇంట్లో పుడితే పీట లేదు, అంతే.

నూకాలు అలాంటి ఇంట్లో పుట్టింది. వాళ్ళమ్మ పోలమ్మ మోదుగాకులతో విస్తళ్ళు కుట్టి శాలకిచ్చేది. వాళ్ళు కాసిని నూకలిచ్చేవాళ్ళు. పిల్ల పేరులో నూకలున్నాయి గానీ కుండలో ఎప్పుడూ చాలేవి కావు. గంజి కాస్తే ముందు తమ్ముడు అప్పన్న తాగేవాడు. ఆ తర్వాత నూకాలు. ఆ తర్వాత అమ్మ. అమ్మ వంతు వచ్చేసరికి కుండ అడుగు కనబడేది.

ఒకరోజు నూకాలు విస్తళ్ళ కట్ట నెత్తిన పెట్టుకుని, తమ్ముణ్ణి చంకనేసుకుని శాలకి వెళ్ళింది. కట్ట ఇచ్చేసి కిటికీలోంచి తొంగిచూసింది. లోపల తన ఈడు పిల్ల ఒకతి కూర్చుని ఉంది. ఆ పిల్లకి అటు మూడు, ఇటు మూడు ఖాళీ పీటలు. వాటి ముందు కూడా విస్తళ్ళు వేశారు. అన్నం పెట్టారు, పప్పు వేశారు, నెయ్యి వడ్డించారు. ఆ తర్వాత ఎవరూ ముట్టని ఆ విస్తళ్ళు తెచ్చి ఏట్లో వదిలారు. చిన్నచిన్న పడవల్లా ఊగుతూ, అన్నం మోసుకుంటూ అవి వెళ్ళిపోయాయి. అప్పన్న వాటికేసి చెయ్యి చాపాడు.

"చలమయ్య బాబాయ్, ఆ విస్తరి ఎవరిది?" అని వడ్డించే ఆయన్ని అడిగింది నూకాలు.

"అదుగో, ఆ కూర్చున్న అలివేణమ్మగారి ముత్తాతదే."

"ఆయనేరీ?"

"ఎప్పుడో పోయారు."

"మరి తినరుగా?"

"తినరులే. కానీ పీట ఆయనదిగా!" అన్నాడు చలమయ్య. అన్నాడే గానీ, నూకాలు మొహంకేసి చూడలేకపోయాడు.

ఆ మాటలు అలివేణి విన్నది. మర్నాడు తనే కిటికీ దగ్గరికొచ్చింది.

"నీకు ఆకలేస్తుందిట కదా! ఎలా ఉంటుంది?"

నూకాలు తమ్ముణ్ణి ఆ చంక నుంచి ఈ చంకకి మార్చుకుంది. "ముందు పొట్టలో పిల్లికూన గీరుతుంది. ఆ తర్వాత అది పడుకుంటుంది. అప్పుడు మనకీ నిద్రొస్తుంది. ఆడుకోబుద్ధి కాదు."

అలివేణి గబగబా బయటికొచ్చింది. చెయ్యి పట్టుకుని నూకాలుని లోపలికి తీసుకెళ్ళి, ముత్తాత పీట మీద కూర్చోబెట్టింది. నూకాలు మొదటి ముద్ద కలిపి తమ్ముడి నోటిదాకా తెచ్చిందో లేదో, శాలంతా చప్పుడు ఆగిపోయింది.

అలివేణి తాతగారు జగ్గప్ప లేచారు. ఆయన చెడ్డాయనేం కాదు తల్లీ. పుట్టినప్పటినుంచీ అలాగే చూశారు, అంతే. "పాపం, ఆ పిల్లలకి బయట కాస్త పెట్టించండి. పీట మీద మాత్రం వద్దు" అన్నారు.

చలమయ్య ఏటివైపు మెట్ల మీద అన్నం పెట్టాడు. అప్పన్న గబగబా తిన్నాడు. నూకాలు మాత్రం తలెత్తి, "రేపు కూడా పెడతారా తాతగారూ?" అని అడిగింది.

"రేపటి సంగతి రేపు చూద్దాంలే" అన్నారాయన.

మూడో రోజు గంట కొట్టారు. అలివేణి తన పీట మీద కూర్చోలేదు. వచ్చి మెట్ల మీద ఎదురుచూస్తున్న నూకాలు పక్కన కూర్చుంది. తాతగారు పిలిచారు, రాలేదు. బతిమాలారు, రాలేదు. కోప్పడ్డారు, అప్పుడూ రాలేదు.

"సరే, ఎంతసేపుంటుందో చూద్దాం" అన్నారాయన.

ఎండ వాలింది. అలివేణి పొట్టలోనూ పిల్లికూన గీరడం మొదలెట్టింది. ఆ పిల్లకి అది కొత్త. భయమేసి ఏడ్చింది. అప్పుడు నూకాలు ఇంటికి పరిగెత్తి, సాయంత్రానికని అమ్మ దాచిన గంజి ముంతతో తెచ్చిచ్చింది. "మెల్లగా తాగండమ్మాయిగారూ. ఒక్కసారే తాగితే కడుపు నొప్పెడుతుంది" అని చెప్పింది.

అదే వేళకి జగ్గప్పగారు మనవరాలిని చూద్దామని ఆ మెట్ల దగ్గరికి వచ్చారు. నీళ్ళలో అప్పుడే వదిలిన విస్తళ్ళు ఏడు తేలుతున్నాయి. ఎప్పుడూ ఆరే పోయేవి. ఆ ఏడోది ఎవరిదో ఆయనకి తెలుసు. అది రెల్లుపొదకి తగులుకుని అక్కడే తిరుగుతోంది. ఆయన దాన్ని చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. ఆ తర్వాత ఇటు తిరిగితే, మనవరాలు ముంతెత్తి గంజి తాగుతోంది.

"అది ఎవరి గంజి అమ్మా?" అని నూకాలుని అడిగారు.

"మాదేనండీ."

"మరి మీకు?"

నూకాలు ముంతకేసి చూసింది. తమ్ముణ్ణి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

ఆయన వాళ్ళ పక్కన ఆ మెట్టు మీదే కూర్చున్నారు. చీకటి పడేదాకా లేవలేదు.

మర్నాడు ఆయనే నూకాలునీ అప్పన్ననీ చేతులు పట్టుకుని శాలకి తీసుకొచ్చారు. వెనకాల పోలమ్మ బెదురుబెదురుగా వచ్చింది.

"ఇవాళ మీ పీటలిస్తే, రేపు మావీ అడుగుతారు!" అని బంతిలో కొందరు అరిచారు.

"అడగనివ్వండి" అన్నారు జగ్గప్పగారు.

కొందరు విసురుగా లేచిపోయారు. కొందరు తల వంచుకుని కూర్చున్నారు. గుమ్మం బయట చూస్తే ఇంకా ఎంతోమంది పిల్లలు. ఆరు పీటలు ఏ మూలకి? అప్పుడు అలివేణి తన పీట ఎత్తి గోడకి చేరేసింది. మిగతా ఆరూ కూడా చేరేసింది. నూకాలు చాప పరిచింది. మోకాలికి మోకాలు తగిలేలా పిల్లలందరూ కూర్చున్నారు.

చలమయ్య వడ్డించాడు. అప్పన్న విస్తట్లో నెయ్యి కాస్త ఎక్కువే వేశాడు. అప్పన్న తిన్నాడు, మళ్ళీ పెట్టించుకున్నాడు, మళ్ళీ తిన్నాడు. తింటూ తింటూ, గుప్పిట్లో ముద్ద అలాగే ఉండగా, పక్కనే కూర్చున్న అమ్మ ఒళ్ళోకి ఒరిగి నిద్రపోయాడు. పొట్ట నిండిన నిద్ర తల్లీ అది, గువ్వపిల్ల నిద్ర. శాలలో అందరూ మాటలు తగ్గించారు. ఎవరూ వాణ్ణి లేపలేదు.

కథేమో కంచి బాట పట్టింది,
కునుకేమో కంటి గడప ఎక్కింది.
దీపమా దీపమా తగ్గిపో,
నా బంగారుతల్లీ బజ్జో.