రెండు రేవులు, రెండు ఆబోతులు

నల్లమల అంచున ఎర్రవాగు పారుతుంది. వాగుకు ఇవతల ఒక ఆలమంద, అవతల మరో ఆలమంద. ఇవతలి మందకు పెద్దదిక్కు పుల్లమ్మ అనే ముసలావు. పన్నెండు ఈతలు ఈనిన ఒళ్లు. ఒక కొమ్ము ఎప్పుడో విరిగిపోయింది. కానీ ఏ దూడ ఎవరి కడుపున పుట్టిందో, ఏ పెయ్య ఎప్పుడు ఎదకొచ్చిందో అన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

ఆ మందకు ఆబోతు కొండయ్య. మూపురం చిన్న కొండలా ఉంటుంది గనక ఆ పేరు. అతను మందలో చేరి ఐదేళ్లయింది. మొదట్లో పుట్టిన దూడలు పూట తిరక్కుండానే చెంగుచెంగున గంతులేశాయి. ఈ ఏడు మాత్రం కొత్తగా ఈనిన పెయ్యల దూడలు రెండు, పుట్టిన మూడోనాటికే పోయాయి. పుల్లమ్మ మనవరాలికి పుట్టిన దూడయితే పొదుగుదాకా మూతి ఎత్తలేక తల్లి కాళ్ల దగ్గరే కూలబడింది. పుల్లమ్మ దాన్ని నాకి నాకి ఎలాగో లేపి నిలబెట్టింది.

ఆ సాయంత్రం ఆమె ఓబులయ్య దగ్గరికి వెళ్లింది. ఏళ్ల తరబడి దున్ని దున్ని మెడ కాయలు కాసిన ముసలి ఎద్దు అతను. ఇప్పుడు మందలోనే నెమరేసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు.

"అన్నా, సంగతి తెలిసింది. ఆ పెయ్యలన్నీ కొండయ్య కూతుళ్లే. ఒకే రక్తం మళ్లీ కలిస్తే దూడకు సత్తువెక్కడిది? మూడేళ్లకే ఆబోతును మార్చాల్సింది. మంచివాడు కదా అని ఊరుకున్నాను. తప్పు నాదే."

"అవతల ఆబోతు రంగడి మందలోనూ ఇదే గోల చెల్లీ," అన్నాడు ఓబులయ్య. "అక్కడి పెద్దావు గంగులమ్మ మొన్న నీళ్ల దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇటువాణ్ణి అటు, అటువాణ్ణి ఇటు పంపితే సరి."

పుల్లమ్మ తిన్నగా వెళ్లి కొండయ్యతో ఉన్నమాట చెప్పింది.

"నన్ను పొమ్మంటున్నావా అక్కా?"

"పొమ్మనడం కాదు తమ్ముడూ. అక్కడ నీ అవసరం ఉంది."

"రెండ్రోజులు ఆలోచించుకోనీ," అన్నాడు గొంతు తగ్గించి.

పొదలో కూర్చుని ఈ మాటలన్నీ నక్క పాపయ్య విన్నాడు. చచ్చిన దూడలు తిని తిని అతని పొట్ట గుండ్రంగా తయారైంది. దూడలన్నీ గట్టిగా పుడితే తన గతేం కాను?

తెల్లారేసరికి కొండయ్య ముందు వాలాడు. "మామా, నీకో మాట చెప్పాలంటే నోరు రావడం లేదు. రంగడు నిన్ను ముసలి దున్నపోతంటున్నాడు. నీ మూపురం చీలుస్తాడట!"

"ఎవడు వాడు!" కొండయ్య కాలితో మట్టి ఎగజిమ్మాడు.

పాపయ్య అటునించటే వాగు ఈది రంగడి దగ్గరికి పోయాడు. "కొండయ్య మామ నీ మందను కూడా కలిపేసుకుంటాడట. నిన్ను వాగులో తొక్కుతాడట!"

రంగడు కొండయ్య కంటే వయసులో చిన్న, దుడుకువాడు. ముక్కుపుటాల్లోంచి నిప్పులు రాల్చినంత పని చేశాడు. మర్నాడు పొద్దు పొడవగానే వాగు మధ్య ఇసుకదిబ్బ మీద తేల్చుకోవాలని ఇద్దరికీ చెప్పి ఒప్పించాడు పాపయ్య. ఒకడు చస్తే నెల రోజుల తిండి. మిగిలినవాడు తన మందలోనే ఉంటే ఏటేటా బలహీనపు దూడలు. ఆ ఆనందంలో అతనికి ఆకలి రెట్టింపయింది.

తిరిగొస్తుంటే పుల్లమ్మ ఎదురైంది.

"పాపయ్యా, తోకంతా తడిసిందేం?"

"చేపలు పడుతున్నానత్తా."

"మూతి మాత్రం పొడిగా ఉందే!"

పాపయ్య ఇకిలించి జారుకున్నాడు. పుల్లమ్మకు అనుమానం వచ్చి కొండయ్యను కదిలించింది. అతను కోపంతో ఊగిపోతూ మొత్తం కక్కేశాడు. ఇద్దరిలో ఎవరు పోయినా ఒక మంద గొడ్డుపోతుంది. వద్దని చెబితే వినే స్థితిలో అతను లేడు. అందుకే మాట మార్చింది.

"పోట్లాడాల్సిందే తమ్ముడూ! కానీ వాడి కోసం దిబ్బ మీద కాచుక్కూర్చోవడమేంటి, నామోషీగా? చీకటి విడవగానే పైరేవు దాటి వాడి గడ్డ మీదికే పో!"

"అదీ మాట!" అన్నాడు కొండయ్య.

తర్వాత ఓబులయ్యను పిలిచింది. "అన్నా, నువ్వు వెళ్లి రంగడికీ ఇదే నూరిపొయ్యి. అతను మాత్రం కిందిరేవు నుంచి రావాలి. గంగులమ్మకు అసలు సంగతి చెప్పు."

"వెళ్తాను. ఎద్దును చూసి, పోటీకొచ్చాడనుకుని ఏ ఆబోతూ చెవి కూడా కదపదు. ఇన్నాళ్లకు అదీ పనికొచ్చింది," అని నవ్వుకుంటూ నీళ్లలో దిగాడు ఓబులయ్య.

తెలతెలవారుతుండగా కొండయ్య పైరేవులో దిగాడు. వాగు వంపు తిరిగి ఉండటంతో, మధ్యలో రెల్లు దుబ్బులుండటంతో ఒక రేవు నుంచి ఇంకో రేవు కనిపించదు. కానీ నడి నీటిలో కొండయ్య ఆగి ఒక్క రంకె వేశాడు. కిందిరేవు వైపు నుంచి మరో రంకె బదులొచ్చింది. కొండయ్య అటు తల తిప్పాడు.

గట్టు మీదున్న పుల్లమ్మ నీటి అంచుకు ఉరికింది. "నీ గొంతు విని వాడు పారిపోతున్నాడు! ముందు అవతలి గట్టెక్కి వాడి దారి కట్టెయ్యి!" అని అరిచింది.

కొండయ్య నీళ్లు చిమ్ముకుంటూ ఒక్క ఊపున అవతల గట్టెక్కాడు. కొమ్ములు వంచి చూస్తే రంగడు లేడు. నలభై ఆవులు వరసగా నిలబడున్నాయి. ముందు గంగులమ్మ.

"రావయ్యా కొండయ్యా! నీ రాక కోసమే చూస్తున్నాం. అబ్బ, ఏం మూపురం!"

వెనక పెయ్యలు కిసుక్కుమన్నాయి. ఒకటి ముందుకొచ్చి అతని తడి మెడ నాకింది. కొండయ్య కొమ్ములు వాటంతటవే పైకి లేచాయి. దగ్గరున్న గడ్డి ఒక పరక కొరికాడు.

ఇవతల రంగడికీ అదే మర్యాద జరిగింది. పుల్లమ్మ మనవరాలు, "నీళ్లలో అలసిపోయావేమో, ఈ నీడకు రా," అనేసరికి అతని కోపమంతా చల్లబడింది.

మధ్యాహ్నానికి కొండయ్య గట్టు మీదికొచ్చి కేకేశాడు. "అక్కా! నన్ను మోసం చేశావు కదూ!"

"చేశాను తమ్ముడూ. వెనక్కి వచ్చేస్తావా?"

కొండయ్య వెనక్కి తిరిగి పెయ్యల వైపు చూశాడు. "ఇక్కడ గడ్డి... కాస్త బాగానే ఉందక్కా."

రెండు గట్లూ నవ్వుతో మారుమోగాయి. నవ్వుతూనే పుల్లమ్మ కన్ను తుడుచుకోవడానికి ముఖం పక్కకు తిప్పింది. ఐదేళ్లు మందను కాచినవాడు మరి.

పాపం పాపయ్య పొద్దు పొడిచిన దగ్గర్నుంచీ రేవులకు దూరంగా ఉన్న ఇసుకదిబ్బ మీద పళ్లు నూరుకుంటూ కూర్చున్నాడు. ఎండ మాడ్చేస్తుంటే ఓబులయ్య అటుగా వచ్చాడు.

"పోట్లాట ఎప్పుడు మామా?" అన్నాడు పాపయ్య నీరసంగా.

"పోట్లాట కాదురా, రెండు గట్ల మీదా పెళ్లిసందడి జరుగుతోంది. ఆడపిల్లల తరఫున ఇద్దరు మొగుళ్లనూ రెచ్చగొట్టి పంపిన పెద్దమనిషివి నువ్వే. నీకు దణ్ణం పెట్టమంది పుల్లమ్మ."

మళ్లీ ఈతల కాలం వచ్చింది. రెండు మందల్లోనూ దూడలు పుట్టిన పూటే లేచి తల్లుల చుట్టూ పరుగులు తీశాయి. ఆశ చావక పాపయ్య ఒకదాని దగ్గరికి పోతే, అది ఆటనుకుని మూతి మీద ఒక్క తన్ను తన్నింది. అతను వాచిన మూతితో ఎలుకలు దొరికే చోటు వెతుక్కుంటూ ఆ అడవే వదిలి పోయాడు.

చిచ్చుపెట్టేవాడి మాటను కూడా పదిమంది మేలుకు మళ్లించగలిగిన పెద్ద ఉన్నచోట ఏ మందకూ చేటు రాదు.