ముందుగా ఎవరు లేస్తారు?

అనగనగా ఒక అడవి. మన వైపు అడవి కాదర్రా, ఎక్కడో దూరాన కొరియా దేశపు కొండల్లో ఉన్న అడవి. అక్కడి జంతువులకు పనంటే ప్రాణం. చలికాలం రాకముందే ఓక్ చెట్ల కింద కాయలు ఏరాలి, వాటి తల మీది టోపీల్లాంటి పెంకులు ఒలవాలి, గుహలో పేర్చాలి. తెల్లారింది మొదలు ఇదే పని.

గుహ ముందు ఎలుగు పెద్దాయన కూర్చునేవాడు. ఆయన లేచేదాకా ఎవరూ ఇంటికి వెళ్ళకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారంటారా? ఎవరికీ తెలియదు. ఆయన నోట మాత్రం ఎవరూ వినలేదు.

ఆ గుంపులో సోరి అనే ఉడుత ఉండేది. దానికి బామి ఒక్కగానొక్క కూతురు. ఉడుతల్లో ఒక ఆచారం ఉంది. పిల్ల మొదటిసారి కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకేటప్పుడు తల్లి అవతలి కొమ్మ మీద నిలబడాలి. తల్లి మొహం చూస్తూ దూకితే పిల్లకు భయం ఉండదు.

"అమ్మా, ఇవాళ దూకనా?" అని అడిగింది బామి.

"సాయంత్రం పెందలాడే వచ్చేస్తాను. అప్పుడు దూకుదువు గానీ" అంది సోరి.

సాయంత్రం పని అయిపోయింది. పెద్దాయన లేవలేదు. సోరి కుందేలు మామ వైపు చూసింది. కుందేలు మామ జింక వదిన వైపు చూశాడు. జింక వదిన తల వంచుకుని, ఒలిచిన కాయనే మళ్ళీ ఒలిచింది. 'నేనొక్కదాన్నే లేస్తే ఏమనుకుంటారో!' అనుకుని సోరి కూడా మరో కాయ అందుకుంది. ఇల్లు చేరేసరికి బామి ఎదురుచూసి ఎదురుచూసి నిద్రపోయింది.

మర్నాడూ అంతే. గుహ నిండిపోయింది. అయినా ఒక్కరూ లేవరే! ఎడమ పక్క కాయల్ని కుడి పక్కకు మార్చారు. కుడి పక్కవి ఎడమ పక్కకు మార్చారు. నవ్వకండి, మనమేం తక్కువ తినలేదు.

చివరికి పెద్దాయనే గొంతు సవరించుకుని, "రేపు పంట పున్నమి పండగ. అందరికీ సెలవు. హాయిగా ఇంట్లో ఉండండి" అన్నాడు. సోరికి ప్రాణం లేచొచ్చింది.

తెల్లారింది. సోరి అవతలి కొమ్మ మీదికి వెళ్ళబోతూ కిందికి చూసింది. కుందేలు మామ గుహ వైపే పోతున్నాడు.

"మామా, ఇవాళ సెలవు కదా?"

"సెలవేనమ్మా. ఊరికే అలా మొహం చూపించి వస్తా. జింక వదిన అప్పుడే వెళ్ళిందట."

సోరి అక్కడే ఆగిపోయింది. 'అందరూ వెళ్ళి నేనొక్కదాన్నే వెళ్ళకపోతే? బద్ధకస్తురాలు అనుకోరూ? చలికాలంలో నా వాటా అడగడానికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?' అనుకుంది.

"చిటికెలో వస్తా తల్లీ. నేను లేకుండా దూకకు సుమా!"

"ఇవాళ కూడానా అమ్మా?" అంది బామి. సోరి వెనక్కి చూడలేదు. చూస్తే ఇక వెళ్ళలేకపోతుంది మరి.

గుహ దగ్గర అందరూ ఉన్నారు. పెద్దాయనా ఉన్నాడు. మధ్యాహ్నం దాటింది. గాలి లేచింది. కొమ్మలు ఊగడం మొదలుపెట్టాయి. సోరి చేతిలో కాయ ఉంది కానీ మనసంతా చెట్టు మీదే ఉంది. లేవబోయింది, కూర్చుంది. మళ్ళీ లేవబోయింది, మళ్ళీ కూర్చుంది. మూడోసారి కాయ కింద పారేసి లేచి నిలబడింది.

"పెద్దాయనా! మా పిల్ల ఒంటరిగా ఉంది. నేను వెళ్ళాలి."

పెద్దాయన పెద్దగా ఆవులించాడు.

"వెళ్ళు తల్లీ, వెళ్ళు. సెలవిచ్చినా మీరంతా వచ్చారని తెలిసి నేనూ వచ్చాను. పెద్దవాణ్ణి, మీరు పని చేస్తుంటే నేను పడుకుంటే ఏం బాగుంటుంది? రోజూ ఇంతే. మీరు లేస్తే నేనూ లేద్దామని చూస్తున్నాను. నిద్రకు కళ్ళు మూతలు పడిపోతున్నాయి."

కుందేలు మామ నోరు తెరిచాడు. జింక వదిన సిగ్గుతో నేల చూసింది. అవేవీ చూడడానికి సోరి అక్కడ లేదు. అప్పటికే పరుగు తీసింది.

చెట్టు కింద ఎండుటాకుల్లో బామి పడి ఉంది. ముందు కాలు వాచిపోయింది.

"దూకొద్దన్నానా తల్లీ!" అని సోరి ఘొల్లుమంది.

"అవతలి కొమ్మ మీద ఆకులు కదిలాయమ్మా. నువ్వే వచ్చావనుకుని దూకాను" అంది బామి.

మర్నాడు పొద్దు వాలగానే అందరికంటే ముందు సోరి లేచింది. దాని వెనకే జింక వదిన, ఆ వెనకే కుందేలు మామ లేచారు. అందరూ వెళ్ళాక పెద్దాయన "హమ్మయ్య!" అనుకుంటూ ఇంటికి నడిచాడు.

మంచు కరిగేసరికి బామి కాలు బాగైపోయింది. సోరి ఇప్పుడు రోజూ పెందలాడే వచ్చి అవతలి కొమ్మ మీద నిలబడుతోంది. బామి దూకుతోంది. కానీ దూకే ముందు ప్రతిసారీ, "అమ్మా, నిజంగా ఉన్నావా?" అని అడుగుతోంది.

నీతి: సెలవు ఇచ్చేది పెద్దలే అయినా తీసుకోవాల్సింది మనమే. ఒకరి మొహం ఒకరు చూస్తూ కూర్చుంటే, మన కోసం ఎదురుచూసే మొహాన్ని చూడలేం.